సవరణ: బండికి ఎల్‌ఈడీ స్ట్రిప్ వైరింగ్

బండికి ఎల్‌ఈడీ స్ట్రిప్ వేసుకోవడం గురించి మొన్న రాసినదాంట్లో తప్పుంది. ఎర్ర వైరు నేరుగా బ్యాటరీ ప్లస్‌కి కలపమన్నాను. అలా కలపకండి. మధ్యలో ఫ్యూజ్ ఉండాలి, అదీ బ్యాటరీకి దగ్గరలోనే. మీటరుకి 14.4 వాట్ల స్ట్రిప్ 12 వోల్టుల మీద 1.2 ఆంపియర్లు లాగుతుంది. ఒక మీటరుకి 2 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. వైరు ఒరిసి ఛాసిస్‌కి తగిలితే, వైరు కాలకముందే ఫ్యూజ్ పోతుంది.

స్ట్రిప్‌కి ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోవని చెప్పే రేటింగ్) ఉంటే వానకి భయం లేదన్నాను. కత్తిరించిన చివరకి అది వర్తించదు. అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగిన నా బండికి ఆ చివర రాగి పచ్చగా చిలుమెక్కి, లైట్లు మూడేసి చొప్పున ఆరిపోయాయి. అక్కడ సిలికాన్ నింపి మూయండి. బండి ముందువైపు ఎర్ర లైటు మాత్రం వద్దు, రూల్స్ ఒప్పుకోవు.

నా మాట విని నేరుగా కలిపినవాళ్లు దయచేసి ఈరోజే మార్చుకోండి.