యూటీ క్లియర్ అయితే స్ట్రెస్ లేనట్టేనా?

"వెల్డర్లు, ఫిట్టర్లు తప్పక చదవాల్సిన 5 నిజాలు". ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. షాఫ్టుల్లో, పోత సామాన్లలో మిగిలిపోయే స్ట్రెస్ గురించట, అంటే బయట లోడు లేకున్నా లోహం లోపల ఉండిపోయే బిగువు. పంపుతున్నవాళ్లలో ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి రాయక తప్పడం లేదు.

"మిగిలిన స్ట్రెస్ ఎప్పుడూ ప్రమాదమే." మరి స్ప్రింగుల పైభాగాన్ని చిన్న గుండ్లతో కొట్టి, నొక్కి ఉంచే స్ట్రెస్‌ను కావాలని పెట్టే షాట్ పీనింగ్ సరదాకి చేస్తున్నారా?

"టార్చితో ఎర్రగా కాల్చి నీళ్లు కొడితే పోతుంది." పోదు, కొత్తది చేరుతుంది.

"యూటీలో క్లియర్ వస్తే లోపల స్ట్రెస్ లేనట్టే." కొంప ముంచేది ఇదే. యూటీ అంటే అల్ట్రాసోనిక్ టెస్టింగ్, లోహంలోకి ధ్వని పంపి చూడటం. అందులో మనం వెతికేది పగులును. బీపీ చూడమంటే కాలికి ఎక్స్‌రే తీసి "విరగలేదు, వెళ్లిరండి" అన్నట్టుంది. పగులేమీ లేకపోయినా స్టీలు మీటరుకు ఒక్క మిల్లీమీటరు సాగితే చాలు, 200 మెగాపాస్కల్స్ స్ట్రెస్ ఉన్నట్టే. స్ట్రెస్ వల్ల ధ్వని వేగం మారే మాట నిజమే, రైలు చక్రాల రిమ్ముల్లో అలా కొలుస్తారు కూడా. కానీ 100 మెగాపాస్కల్స్‌కు ఆ మార్పు దాదాపు వెయ్యో వంతు. పగుళ్లు చూసే మామూలు సెట్టుతో అది పట్టుబడదు.

షాఫ్టు మీద కొలవాలంటే స్ట్రెయిన్ గేజ్ రోజెట్ (సాగుడు కొలిచే మూడు గేజీల చిన్న అతుకు) అంటించి, సరిగ్గా దాని నడిమధ్యన దాదాపు 2 మిల్లీమీటర్ల వెడల్పు రంధ్రం కొంచెం కొంచెంగా దించాలి. దించిన ప్రతిసారీ చుట్టూ లోహం ఎంత సడలిందో మూడు గేజీలూ చెబుతాయి. అందులోనూ ఒక మెలిక ఉంది. స్ట్రెస్ ఈల్డ్‌కు, అంటే లోహం తిరిగి రాకుండా సాగిపోయే హద్దుకు, దగ్గరగా ఉంటే రంధ్రం అంచు ఈల్డ్ అయిపోయి, లెక్క ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. బాగా లోడు పడే భాగాల్లో ఇది మరిచిపోతే రిపోర్టు చిత్తు కాగితమే.

"ఎక్స్‌రే తీయిస్తే అంతా తెలుస్తుంది." ఏ ఎక్స్‌రే సార్? రేడియోగ్రఫీ ఫిల్ములో స్ట్రెస్ కనపడదు. లోహంలో అణువుల వరసల మధ్య దూరం కొలిచే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో తెలుస్తుంది, అదీ స్టీలులో పైనున్న కొన్ని మైక్రాన్ల వరకే. ముందే గ్రైండర్‌తో తళతళలాడించి పెట్టారంటే, మీరు కొలిచేది గ్రైండర్ పెట్టిన స్ట్రెస్‌ని. కోయకుండా సెంటీమీటర్ల లోతు చూడాలంటే న్యూట్రాన్లు కావాలి, అంటే ముంబై ట్రాంబేలోని ధ్రువ లాంటి అణు రియాక్టర్. ఈ మెసేజ్ రాసిన మహానుభావుడి షెడ్డులో ఒకటుందేమో, అడ్రస్ పెడితే అందరం వస్తాం.

"పోత సామాన్లను నెలల తరబడి ఎండావానల్లో వదిలేస్తే సెట్ అవుతాయి." ఇది మాత్రం కొట్టిపారేయలేను. లేత్ బెడ్లను పూర్వం అలాగే సీజన్ చేసేవారు. మెషినింగ్ అయ్యాక వంకర తిరగడం తగ్గేది. స్ట్రెస్ తగ్గేది కొద్దిగానే, అయినా బెడ్‌కు అది సరిపోయేది. వెల్డ్ చేసిన షాఫ్టును మాత్రం పెరట్లో ఎండబెట్టి బిగించకండి. మామూలు కార్బన్ స్టీలైతే ఫర్నేస్‌లో 600 డిగ్రీల దరిదాపుకు వేడిచేసి, నిదానంగా చల్లార్చాలి. చేశామని చెబితే టెంపరేచర్ చార్టు అడగండి.