ఆ బోర్డు మెసేజ్ ఫార్వర్డ్ చేసేముందు ఇది చదవండి

వారం నుంచి మారతహళ్ళి తెలుగు గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, ఇప్పుడు బాబాయి వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో కూడా అదే మెసేజ్. "అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డు కొని లైనక్స్ వేయండి, పిల్లలకి ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఫోన్ చార్జర్ చాలు, వైరస్ రాదు, కరెంటు బిల్లు రాదు, ఫోటోలన్నీ దాంట్లో వేసి ఫోన్లోంచి తీసేయండి, క్లౌడ్‌కి డబ్బులు దండగ." బోర్డంటే కేసూ స్క్రీనూ లేని చిన్న కంప్యూటరు, లైనక్స్ అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. ఎన్నిసార్లని చూస్తాం?

వైరస్ రాదట. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ పట్టుకున్నవి ఎక్కువగా లైనక్స్ నడిచే కెమెరాలు, రౌటర్లు లాంటివే, కంపెనీ పెట్టిన డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చనివి. దీని మీద ఇంతకన్నా టైమ్ పెట్టను.

ల్యాప్‌టాప్ బదులు అంటే, 1 జీబీ బోర్డులో క్లాసు వీడియో ఒకటి, గూగుల్ డాక్ ఒకటి పక్కపక్కన తెరిచి చూడండి, మెమరీ చాలక స్వాప్‌లోకి, అంటే నెమ్మదైన కార్డునే మెమరీలా వాడుకోవడంలోకి పోయి మౌస్ కూడా కదలదు. సరే 8 జీబీది కొందాం అంటే అడాప్టరు, ఫ్యాను, కేసు, కార్డు, మానిటరు, కీబోర్డు అన్నీ లెక్కేసుకుని బెంగళూరు కంప్యూటర్ల బజారు ఎస్పీ రోడ్డుకెళ్ళి సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ రేటు కూడా అడగండి, అందులో అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నడుస్తుంది, ఫోన్లలో ఉండే ఏఆర్ఎం రకం చిప్‌తో నడిచే ఈ బోర్డులో విండోస్ సాఫ్ట్‌వేర్ నేరుగా నడవదు. ఇంకా చవకగా ఎనిమిది కోర్ల బోర్డు దొరుకుతోంది అంటారా, కోర్లు కాదు కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే లైనక్స్ గుండెకాయ) చూడండి. చాలావాటికి కంపెనీ ఇచ్చిన పాత కెర్నల్ ఇమేజే దిక్కు, కొత్తది వేస్తే వైఫైయో వీడియోనో పోతుంది.

ఇక అసలు సంగతి, ఫోటోలు. ఈ బోర్డులో మామూలుగా లైనక్సూ ఫైళ్ళూ అన్నీ ఉండేది ఒక చిన్న ఎస్‌డీ కార్డులోనే. నిన్న గ్రూపులో ఒకాయన "పాప పుట్టినప్పటి నుంచి ఉన్నవన్నీ కార్డులోకి ఎక్కించి ఫోన్ ఖాళీ చేస్తున్నా" అని రాస్తే కింద అందరూ చప్పట్లు! ఎస్‌డీ కార్డులో ఒక ముక్క మార్చాలంటే ఆ బ్లాకులో ఉన్నదంతా ఇంకోచోట రాసి పాతది చెరపాలి, ఆ పని సగంలో ఉండగా కరెంటు పోతే అప్పుడు రాస్తున్న ఫైలే కాదు, ఎప్పుడో రాసిన పక్క ఫోటోలు కూడా పోవచ్చు. మన పని లేకపోయినా లైనక్స్ లాగ్‌లు రాస్తూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌కి డీజీ (జనరేటరు) ఉందిగా అంటారేమో, అది ఎక్కేలోపు పోయే ఆ కొద్ది సెకన్లు చాలు. పైకి ఏమీ తెలీదు కూడా, ఫైలు పేరుంటుంది, సైజుంటుంది, చిన్న బొమ్మ కూడా కనిపిస్తుంది, నొక్కితే పై సగం పాప మొహం, కింద సగం బూడిద రంగు. అప్పటికి ఫోన్లో కాపీ లేదు. ఈ సలహా ఇచ్చినవాళ్ళు వచ్చి తెచ్చిస్తారా ఆ ఫోటోలు?

హార్డ్‌డిస్క్ పెడతాం అంటే మళ్ళీ ఆ "ఫోన్ చార్జర్ చాలు" దగ్గరికే వస్తాం. రాస్ప్‌బెర్రీ పై 5 మోడల్ అడిగేది 5 వోల్టుల దగ్గర 5 ఆంప్స్. మీ 65 వాట్ల చార్జరు పెద్ద వోల్టేజీల్లోనే ఆ బలం చూపిస్తుంది, 5 వోల్టుల దగ్గర మామూలుగా ఇచ్చేది 3 ఆంప్సే. అది చూసి బోర్డు యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంప్స్‌కి కుదించేస్తుంది, తిరగడం మొదలుపెట్టడానికే అంతకన్నా ఎక్కువ లాగే డిస్కు కాపీ మధ్యలో ఊడిపోతుంది.

కరెంటు బిల్లు మాట మాత్రం దాదాపు నిజం, 5 వాట్లు లాగే బోర్డు నెలంతా ఆన్‌లో ఉన్నా 3.6 యూనిట్లే. ఇంకోటి కూడా ఒప్పుకుంటా, మన ఫోటోలు మన ఇంట్లో ఉండాలి, నెలనెలా ఎవరికో అద్దె కట్టడమేంటన్న ఆ కోపం నాకూ ఉంది, ఆ పని ఈ బోర్డు బాగానే చేయగలదు. కార్డు వద్దు, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) పెట్టండి, బోర్డు కంపెనీ అడాప్టరే వాడండి, యూపీఎస్ మీద నడపండి. నెలకోసారి ఇంకో డిస్కులోకి కాపీ చేసి అది ఊళ్ళో అమ్మావాళ్ళ ఇంట్లో పెట్టండి. ఆ రెండో కాపీలో ఫోటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ఫోన్లోంచి తీయండి.