యెరికో గోడ అనబడే దుప్పటి గారికి

మహారాజశ్రీ దుప్పటి గారికి,

1934లో విడుదలైన మీ హాలీవుడ్ సినిమా ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ ఐదు ప్రధాన ఆస్కార్లూ ఊడ్చుకుపోయింది: ఉత్తమ చిత్రం, కాప్రా దర్శకత్వం, రిస్కిన్ రచన, నాయకుడు పీటర్‌గా గేబుల్ నటన, నాయిక ఎల్లీగా కోల్బెర్ట్ నటన. ఊరందరికీ విస్తళ్లు వేసి వంటవాడిని మరిచినట్టు, మీకు మాత్రం మొండిచెయ్యి. అన్యాయమే. అయితే మీ మీదా మాకు ఫిర్యాదులున్నాయి.

మొదటిది, నటీనటుల పని లాక్కోవడం. వంతెన కొట్టుకుపోయి బస్సు ఆగిన రాత్రి విలేకరి పీటర్, కోటీశ్వరుడి కూతురు ఎల్లీ ఒకే గదిలో దిగారు. రెండు మంచాలు, నడుమ తాడు, తాడు మీద మీరు. మీకు యెరికో గోడ అని పేరు పెట్టి, బైబిల్లో యెహోషువ బూరలు ఊదించి కూల్చిన ఆ ఊరి గోడలంత మందం లేకపోయినా వాటికంటే భద్రం, నా దగ్గర బూర లేదు కదా అంటాడు పీటర్. ఆ తర్వాత వాళ్లు హాయిగా పడుకుని కబుర్లు చెప్పుకుంటారు. సీనంతా మోసేది మీరు.

ఎలాగంటారా? మీరు బొమ్మను ఆపుతారు, మాటను ఆపరు. మూకీల్లో ఇదే గదిలో వేలాడి ఉంటే, మాటమాటకీ తెర మీద అక్షరాల అట్ట పడాల్సి వచ్చేది. టాకీ వచ్చాక అటు గొంతు, ఇటు ముఖం. మాట్లాడేవాళ్లని వదిలేసి వింటున్నవాళ్ల మీద కెమెరా పెడితే చాలు. కిటికీ అద్దం మీద వాన, చీకట్లో కోల్బెర్ట్ కళ్లు. కెమెరా జోసెఫ్ వాకర్‌దే అనుకోండి, కానీ ఆ అవకాశం ఇచ్చింది మీరు.

ఇక ఆ లోదుస్తుల వ్యవహారం. ఎల్లీ విప్పినవి తీసుకొచ్చి మీ భుజాన వేస్తుంది. వాటిని గోడ మీంచి తియ్యమ్మా అని పీటర్ గోల. పై అంచున నాలుగు గుడ్డముక్కలు, అంతే. ఇందులో కత్తెర ఎక్కడ పెట్టాలి? హాలీవుడ్ సెన్సారు నియమాలు గట్టిగా అమలైంది ఆ ఏడాది జులై నుంచి. మీరు ఫిబ్రవరికే తెరమీద ఉన్నారు. భయంతో కట్టిన గోడ కాదన్నమాట, అందుకే అంత కొంటెతనం.

రెండో ఫిర్యాదు, మీ బంధువర్గం. మా తెలుగు సినిమాల్లో మీకో దూరపు చుట్టం ఉంది: మంచం నడుమ దిండు. జానెడు ఎత్తు. పైనుంచి కెమెరా, ఇద్దరి ముఖాలూ ఒకే ఫ్రేములో! ఇక దాచిందేమిటి, మేం ఊహించుకోవాల్సిందేమిటి? నిద్రలో చెయ్యి దిండు దాటుతుంది, వెనక వయొలిన్లు. పోనీ మిమ్మల్నే పిలిపిద్దామంటే పల్చటి గుడ్డయితే వెనక దీపానికి అంతా బయటపడుతుంది. మరీ బరువైతే తాడు కుంగి సరిగ్గా ముఖాల దగ్గరే సందు వస్తుంది. క్లిప్పులు బిగిస్తే ఆఖర్న కూలరు.

ఆ కూలడమే మూడో ఫిర్యాదు. చివర్లో పీటర్, ఎల్లీ పెళ్లాడి మళ్లీ అలాంటి గదిలోనే దిగుతారు. ఇలాంటి రాత్రి తాడూ దుప్పటీ ఎందుకో, బూర ఎందుకో అని గది యజమాని దంపతులు బయట బుర్రలు గోక్కుంటుంటారు. పెళ్లి లైసెన్సు చూశాం కదా అని సమాధానపడతారు. లోపల బొమ్మ బూర మోగుతుంది, మీరు నేలకూలుతారు. వందకు పైగా నిమిషాలు ఆ జంట కోసం కాచుక్కూచుంటే కొత్త దంపతుల ముఖాలైనా చూపించకుండా ముగింపు షాటు కూడా మీరే కొట్టేస్తారా?

ఇట్లు,
దిండు గోడలతో విసిగిన ప్రేక్షకులు