హ్యాండ్‌బ్రేక్ గారి సన్నిధికి

మహారాజశ్రీ హ్యాండ్‌బ్రేక్ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. వెనక నిలబడ్డవాళ్లు కూడా ఇంతవరకూ క్షేమమే, అది దుర్గమ్మ దయ.

మా ఇల్లు బెజవాడ మాచవరం డౌన్‌లో. పేరులోనే డౌన్ ఉన్నా తమరికి ఆ సంగతి ఎక్కలేదు. 1998 మోడల్ బండిలో రెండు సీట్ల మధ్య పెద్దమనిషిలా కూర్చుంటారు. ఒకప్పుడు ఆరు టక్కులకే పట్టేవారు. తర్వాత్తర్వాత పద్నాలుగు టక్కులు లాగినా, పెళ్లింట్లో పెత్తనం చేసే మావయ్యలాగా చప్పుడే గాని పని లేదు. నేను బండి ఆపీ ఆపకముందే మా ఆవిడ సీటు కింద నుంచి ఇటుక తీసుకుని దిగేది. "చక్రం కింద పెట్టాక చెప్తాను, అప్పుడు కాలు తియ్యండి."

మూడుసార్లు తమరికి వైద్యం చేయించాను. ముగ్గురు మెకానిక్కులూ ఒకటే మాట: "కేబుల్ టైట్ చేశా సార్, ఇక కదలదు." రెండు వారాలు కదిలేది కాదు. మూడోసారైతే నడుస్తున్నప్పుడు కూడా కదలనన్నారు! గుంటూరు పోతుంటే కాజ టోల్‌గేటు దగ్గర వెనక నుంచి మాడు వాసన, చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ.

చివరికి ఆటోనగర్‌లో ఒక ముసలి మిస్త్రీ దొరికాడు. ఆయన తమరి వైపు చూడను కూడా చూడలేదు. ముందు కేబుల్ లూజు చేసి, వెనక చక్రాలు ఊడదీసి, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ముని సుత్తితో చుట్టూ తట్టాడు. కుర్రాడు గాలి పైపు తెస్తే కసిరాడు: "ఆ దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకే పోద్దిరా, తడిగుడ్డ తే!"

లోపల చూద్దును గదా, ఎడమవైపు వీల్ సిలిండర్ (పెడల్ తొక్కితే షూలని తోసేది) రబ్బరు కప్పు పోయి, డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తి ఆపే షూలు బ్రేక్ ఆయిల్లో ఆవకాయ ముక్కల్లా ఊరుతున్నాయి. (డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా మారుమాట లేకుండా పోసిన మహానుభావుణ్ణి నేనే.) కుడివైపు అడ్జస్టరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బండి సింగ్ నగర్లో మా బావమరిది ఇంటిముందు చక్రాలు మునిగి నిలబడింది లెండి. షూలు అరిగేకొద్దీ వాటిని డ్రమ్ముకి దగ్గరగా జరపడమే ఆ అడ్జస్టరు ఉద్యోగం. అది జరపకపోతే తమరెంత లాగినా షూ డ్రమ్ము దాకా పోదు. అసలు రోగం వదిలేసి పైన కేబుల్ బిగిస్తే, లోపలి లివరు తన చోటికి రాదు, ఉన్న అడ్జస్టరూ పనిచెయ్యదు, షూలు డ్రమ్ముని రాసుకుంటూ కాగిపోతాయి.

అంటే తమరు ఇన్నాళ్లూ కిందివాళ్లు చెయ్యని పనికి తిట్లు తిన్న ఆఫీసరన్నమాట. క్షమించాలి.

నూనె తాగిన షూ కడిగితే బాగుపడదట, అదీ ఒక్కవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుందట. రెండువైపులా షూలు, సిలిండర్లు మార్చి, బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసి, డ్రమ్ము తిప్పితే సన్నగా రాసుకునేంతవరకూ అడ్జస్టరు జరిపి, అన్నీ అయ్యాక ఆఖర్న తమరి కేబుల్ ముట్టుకున్నాడు. అదీ రెండు చుట్లు.

ఇప్పుడు ఏడో టక్కుకి పడుతున్నారు. డౌన్‌లో బండి రాయిలా నిలబడుతోంది. ఇటుక మాత్రం సీటు కిందే ఉంది, తమరు అన్యథా భావించవద్దు. మొన్న దసరాకి బండితో పాటు దానిక్కూడా మా ఆవిడ పసుపు రాసి బొట్టు పెట్టింది. తీసి బయట పారేసే ధైర్యం నాకు లేదు.

ఇట్లు,
తమరిని పద్నాలుగు టక్కులు లాగినవాడు