బార్టీ ఎవరికీ బాకీ లేదు

ఆస్ట్రేలియన్ ఓపెన్ వచ్చిందంటే చాలు, టెన్నిస్ అభిమానుల నోట అదే మాట. ఆస్ట్రేలియా క్రీడాకారిణి యాష్ బార్టీ ఇంకా ఆడి ఉంటే ఎన్ని గ్రాండ్‌స్లామ్‌లు గెలిచేదో అని. అంతటితో ఆగితే అభిమానమే అనుకోవచ్చు. కానీ ఆ వెంటనే, 25 ఏళ్లకే ఆట మానేసి ప్రతిభనంతా వృథా చేసుకుంది అంటారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది.

ఏది వృథా అయింది? 2019లో ఎర్రమట్టి మీద ఫ్రెంచ్ ఓపెన్, 2021లో పచ్చిక మీద వింబుల్డన్, 2022లో హార్డ్ కోర్టు మీద ఆస్ట్రేలియన్ ఓపెన్. మూడు రకాల కోర్టుల్లోనూ సింగిల్స్ విజేత. మొత్తం 121 వారాలు ప్రపంచ నంబర్ వన్. 15 ఏళ్లు ఆడి కూడా ఇందులో సగం అందుకోలేని వాళ్లే ఎక్కువ. జీవితాన్ని ఏళ్లతో కొలిచే వాళ్లకు ఇది అర్థం కాదేమో.

2022 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అమెరికా క్రీడాకారిణి డేనియల్ కాలిన్స్‌తో ఆడిన ఆ ఆఖరి ఫైనల్ చూడండి. మొదటి సెట్ గెలిచి, రెండో సెట్‌లో 1-5తో వెనకబడింది. ఇక మూడో సెట్ తప్పదనే అందరూ అనుకున్నారు. కాలిన్స్ బంతిని చితక్కొడుతోంది. బార్టీ అదే బలంతో తిప్పికొట్టలేదు. ఒంటి చేత్తో బ్యాక్‌హ్యాండ్ స్లైస్ కోస్తూ పోయింది. ఆ బంతి నేలను తాకాక లేవదు, మోకాలి కింద నుంచి జారిపోతుంది. నడుము ఎత్తులో బంతిని బాదే అలవాటున్న వాళ్లు ప్రతిసారీ వంగి, బంతిని పైకెత్తి కొట్టాలి. అలా ఎత్తిన బంతి కోసమే బార్టీ ఫోర్‌హ్యాండ్ కాచుకుని ఉంటుంది. కాలిన్స్ సర్వ్ చేసిన గేములను రెండుసార్లు తను గెలుచుకుని, 6-6 దగ్గర సెట్‌ను తేల్చే టైబ్రేక్‌ను 7-2తో ముగించింది. 1978లో క్రిస్ ఓనీల్ తర్వాత సొంతగడ్డ మీద సింగిల్స్ గెలిచిన తొలి ఆస్ట్రేలియన్ ఆమే. చివరి పాయింట్ కాగానే, ఎప్పుడూ నెమ్మదిగా ఉండే ఆ మనిషి గొంతు చించుకుని అరిచింది. రెండు నెలలు తిరగకుండానే, మార్చి 23న వీడ్కోలు చెప్పింది. శరీరం, మనసు ఇక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదని తనే చెప్పింది. అంతకంటే స్పష్టంగా ఇంకెలా చెప్పాలి?

ఈ ఆట మనిషిని ఎలా పిండేస్తుందో చాలామంది పట్టించుకోరు. ర్యాంకింగ్ పాయింట్లకు 52 వారాలే ఆయుష్షు. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000 పాయింట్లు వస్తాయి, మరుసటి ఏడాది అదే టోర్నీ వచ్చేసరికి అవి పోతాయి. నిలబడాలంటే మళ్లీ గెలవాలి. అలసిపోయి నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంటే కింద పడినట్టే. పైగా ఆస్ట్రేలియా వాళ్లకు టూర్, అంటే దేశదేశాల్లో టోర్నీలు ఆడుతూ తిరగడం, ఏడాదిలో ఎక్కువ భాగం ప్రపంచానికి అవతలి కొస. కరోనా ఆంక్షల మూలంగా 2021లో బార్టీ మార్చిలో ఇల్లు వదిలితే సెప్టెంబరు దాకా తిరిగి గడప తొక్కలేదు. ఆ ఏడాదే అయిదు టైటిళ్లు గెలిచింది. అంతకుముందు, కరోనా వల్ల పాయింట్లు పోకుండా ఆపిన 2020లో ప్రయాణాలు మానుకుని ఇంట్లో ఉన్నందుకు ఆమె నంబర్ వన్ స్థానాన్ని ఎగతాళి చేసిన వాళ్లే, తర్వాత ఆమె వెళ్లిపోయిందని కన్నీళ్లు పెట్టుకున్నారు.

నిజానికి ఆమె వెళ్లిపోవడం అది తొలిసారేమీ కాదు. 15 ఏళ్లకే వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచింది. 16, 17 ఏళ్ల వయసులో సాటి ఆస్ట్రేలియన్ కేసీ డెల్లక్వాతో కలిసి ఒకే ఏడాదిలో మూడు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్స్ ఆడింది. 2014లో, 18 ఏళ్లకు, ఇక చాలని రాకెట్ పక్కన పెట్టేసింది. తర్వాత బ్రిస్బేన్ హీట్ జట్టుకు క్రికెట్ ఆడింది. 2016లో తిరిగి వచ్చింది. ఆ విరామం లేకపోతే ఈ మూడు టైటిళ్లూ ఉండేవి కావని నా గట్టి నమ్మకం. తన మనసు తనకు తెలిసిన మనిషి ఆమె. అప్పుడు మానేసినందుకు మెచ్చుకుని, రెండోసారి మానేస్తే తప్పు పట్టడం ఏం న్యాయం?

బెల్జియం క్రీడాకారిణి జస్టిన్ హెనిన్‌ను ఉదాహరణగా చూపేవాళ్లూ ఉన్నారు. ఆమె కూడా 2008లో 25 ఏళ్లకే, నంబర్ వన్‌గా ఉండగానే మానేసి, 2010లో తిరిగి వచ్చింది కదా, బార్టీ కూడా రాకపోదు అని. వచ్చిన హెనిన్ ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లింది, నిజమే. ఆ ఏడాది వింబుల్డన్‌లో మోచేతికి గాయమైంది, మరుసటి ఏడాదే మళ్లీ ఆట వదిలేసింది. హెనిన్ వచ్చింది తనకు రావాలనిపించి. మనం పిలిస్తే కాదు.

బార్టీ వెళ్లడంతో మహిళల టెన్నిస్ చిన్నబోయిందనే వాదన కూడా నిలవలేదు. తన పేరును ర్యాంకింగ్స్ నుంచి తీసేయమని ఆమే కోరింది. 2022 ఏప్రిల్ 4న పోలండ్ క్రీడాకారిణి ఇగా ష్వియాంటెక్ నంబర్ వన్ అయింది. అప్పనంగా దొరికిన స్థానమని కొందరు పెదవి విరిచారు. అప్పటికే ఫిబ్రవరిలో మొదలైన ష్వియాంటెక్ వరుస విజయాలు ఫ్రెంచ్ ఓపెన్‌ను కూడా కలుపుకుని 37 దాకా సాగాయి. ఆ తర్వాత ఆ పెదవి విరుపులు ఎక్కడా కనబడలేదు.