రంధ్రానికి గుర్తింపు కార్డు

ఫైవ్-యాక్సిస్ మిల్లింగ్‌లో, అంటే టూల్‌నీ టేబుల్‌నీ ఐదు రకాలుగా కదిపి లోహాన్ని చెక్కే పనిలో, జాబులు (చెక్కే ముక్కలు) స్క్రాప్ అవుతున్నాయంటే తప్పు మెషీన్‌కి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్‌ది కాదు, జాబుదే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని వెక్కిరిస్తారేమోనని ఇన్నాళ్లూ ఎవరూ ఈ మాట పైకి అనలేదు. కానీ ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. రుజువులు చూపిస్తాం.

జాబు 3డి మోడల్ తెరిచి, ఫీచర్లు (చెక్కాల్సిన ఆకారాలు) గుర్తించమని బటన్ నొక్కితే హోల్ ఎక్కడుందో, పాకెట్ (గోడలున్న గుంట) ఎక్కడుందో రంగులు పూసి చూపించడం సాఫ్ట్‌వేర్ పని. పాపం, దాని చేతికొచ్చేది స్టెప్ ఫైలు, అంటే మోడల్‌ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసే ఫైలు. అందులో సాధారణంగా పాకెట్ అన్న మాటే ఉండదు. ముఖాలు, అంచులు, మూలలు, అంతే. 1988లో జోషి, చాంగ్ అనే ఇద్దరు దీనికో దారి చూపారు. ప్రతి ముఖానికీ ఒక చుక్క, రెండు ముఖాలు కలిసే అంచుకి ఒక గీత, ఆ బొమ్మ పేరు గ్రాఫ్. అంచు లోపలికి మడిచి ఉంటే 0, బయటికి పొడుచుకొస్తే 1. ఒక అడుగు, దానికి రెండు గోడలు, మధ్య రెండు సున్నాలు కనిపిస్తే అది స్లాట్, అంటే గాడి. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు పేరు చెప్పడం లాంటిదన్నమాట.

ఇంత చక్కని లెక్కను జాబులే చెడగొడుతున్నాయి. ఒక స్లాట్‌ని అంతే లోతున్న ఇంకో స్లాట్ అడ్డంగా కోసిందనుకోండి. అడుగు ప్లస్ గుర్తులా ఒకటైపోతుంది, నాలుగు గోడలు కాస్తా ఎనిమిదవుతాయి. ఎనిమిది గోడల స్లాట్ ఏ ముగ్గుల పుస్తకంలో ఉంది? అడుగు అంచుకి ఆర్3 ఫిల్లెట్ (3 మి.మీ. వ్యాసార్థపు గుండ్రం) పెట్టారా, సున్నా వేయాల్సిన అంచే మాయం. దాని బదులు నున్నగా కలిసిపోయే అంచులు రెండొస్తాయి. అవి 0 కావు, 1 కావు. జాబు పగలకుండా ఉండాలంటే ఫిల్లెట్ కావాలట! జాబు పగలకపోవడం ముఖ్యమా, గ్రాఫ్ పగలకపోవడం ముఖ్యమా?

రెండు చెవుల బ్రాకెట్ సంగతి ఇంకా ఘోరం. మధ్యలో 20 మి.మీ. ఖాళీ, రెండు చెవుల్లోంచీ ఒకే 8 మి.మీ. పిన్ను దూరాలి. ముఖాలు వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండు హోల్స్ అంటుంది, రెండు గుర్తింపు కార్డులు ఇస్తుంది. తిరిగే టేబుల్ ఉంది కదా అని ఒకటి ఇటునుంచి, 180 డిగ్రీలు తిప్పి రెండోది అటునుంచి వేయిస్తుంది. టేబుల్ కేంద్రం 0.01 మి.మీ. తప్పుగా సెట్ అయి ఉంటే, తిప్పాక తేడా 0.02. 8హెచ్7 అని కొలత ఇచ్చిన ఈ 8 మి.మీ. హోల్‌కి టాలరెన్సే (అనుమతించిన తేడాయే) 0.015. పిన్ను మొదటి చెవిలో దూరి రెండో చెవి దగ్గర ఆలోచనలో పడుతుంది. పోనీ రెండూ ఒకటేనని కలిపితే పొడుగు డ్రిల్ కావాలి, ఖాళీ దాటి రెండో చెవిని తాకేచోట ఫీడ్ తగ్గించాలి, లేకపోతే కొస జారుతుంది. ఇదంతా కార్డు మీద పట్టదు.

ఎం8 ట్యాపింగ్ హోల్‌ని (8 మి.మీ. బోల్టుకి మరలు కోసే రంధ్రాన్ని) డిజైనర్ మోడల్‌లో ఎంతకి గీస్తాడో అతని దయ. ఒకడు 8 గీస్తాడు. ఇంకొకడు సరిగ్గా డ్రిల్ సైజు 6.8 గీస్తాడు, వాడికి దండం పెట్టాలి. మూడోవాడు పుస్తకం చూసి మైనర్ డయా (మరల లోపలి వ్యాసం) 6.647 గీస్తాడు. ఆ సైజు డ్రిల్ టూల్ లైబ్రరీలో లేక, 6 మి.మీ. ఎండ్‌మిల్ కట్టర్‌తో గుండ్రంగా తిప్పి తీసేద్దామని సాఫ్ట్‌వేర్ ప్రతిపాదిస్తుంది. హోల్ అచ్చం మోడల్‌లాగే వస్తుంది. మరలు మాత్రం ఉండవు, ఎందుకంటే మోడల్‌లోనూ లేవు.

పైగా గుర్తింపు జరిగేది దిగంబరమైన జాబు మీద. వైస్ లేదు, క్లాంపు లేదు, టూల్ హోల్డర్ అన్నదే లేదు. పాకెట్ లోతు 60, మూల ఆర్3, కాబట్టి 6 మి.మీ. కట్టర్ సరిగ్గా సరిపోతుందని తేలుస్తుంది. అలా సరిపోవడమే చేటు. మూలలోకి వెళ్లగానే కట్టర్ చుట్టూ మెటలే, పైగా వ్యాసానికి పదింతలు పొడుగు బయటికి, చాటర్ (టూల్ వణుకు) మొదలవుతుంది. 5 మి.మీ.ది పెడితే మూల తిరుగుతుంది గానీ ఇంకా సన్నం. పొట్టి టూల్‌ని వాల్చి పెడదామంటే హోల్డర్ ఎదుటి గోడని ముద్దాడుతుంది. ఇక టూల్ దాదాపు సి యాక్సిస్‌కి (టేబుల్ తిరిగే ఇరుసుకి) సమాంతరంగా నిలబడ్డచోట, కొద్దిపాటి వాలు మార్చడానికి టేబుల్ సగం చుట్టు తిరగాల్సి రావచ్చు. అంతసేపూ టూల్ అక్కడే రాసుకుని మచ్చ పడుతుంది. ఆ మచ్చని ఫీచర్‌గా గుర్తించేది సాఫ్ట్‌వేర్ కాదు, ఇన్‌స్పెక్షన్ వాళ్లు.

అందుకే మా డిమాండ్లు. 2018లో వచ్చిన ఫీచర్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ 24 రకాల ఫీచర్లు నేర్చుకుంది, అదీ ఘనాల (క్యూబుల) మీద చెక్కి చూపిస్తే. కాబట్టి ఇకమీదట జాబులన్నీ ఘనంగానే పుట్టాలి, ఆ 24కి మించి ఏమీ ఉండకూడదు. గాలిని తోసే ఇంపెల్లర్ బ్లేడు మెలిక తిరిగి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని ఫ్రీఫాం (ఏ రకానికీ చెందని వంపు) అని పక్కన పడేస్తుంది గనక మెలిక నిషేధించాలి. మరి గాలిని ఎలా తోస్తుందంటారా? గాలి ఆ జాబితాలో లేదు.

చివరిగా, డ్రాయింగ్ చూసి మార్కర్ పెన్నుతో జాబు మీదే ‘ఎం8 ట్యాప్, 4 చోట్ల’ అని రాసుకుంటున్న ఆపరేటర్ల విషయం. ఇది అనధికార గుర్తింపు. స్టోర్స్‌లో మార్కర్లు ఇవ్వడం వెంటనే ఆపేయాలి.