అల్పం అంటే ఎంత?

నిఘంటువు తెరిస్తే అల్పం అంటే కొంచెం, లెక్కలోకి రానిది అని ఉంటుంది. ఆ అర్థం రాసినవారు విజయవాడలో ఒక్క పూటైనా గడిపి ఉండరని నా గట్టి అనుమానం.

మొన్న గవర్నర్‌పేటలో ఒక సన్మాన సభకు పిలిచారు. కార్డు అడుగున ‘సభానంతరం అల్పాహారం’ అని వేశారు. అల్పమే కదా అని ఇంట్లో తినేసి వెళ్లాను. ముందు రెండు ఇడ్లీలు, వాటి మీద గరిటెడు నెయ్యి, ఇడ్లీ కనపడనంత కారప్పొడి. తర్వాత పెసరట్టు. మడత విప్పితే లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. అది సగంలో ఉండగానే గారెలు. చాలు బాబూ అని చెయ్యి అడ్డం పెడితే వడ్డించే ఆయన నొచ్చుకుని, ‘అసలేం తిన్నారండీ? ఏదో టిఫినేగా!’ అన్నాడు. లేవడానికి కుర్చీ చేతులు రెండూ పట్టుకోవాల్సి వచ్చింది. సన్మానం ఎవరికి జరిగిందో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

పోనీ, తిండి సంగతి వదిలేద్దాం. అల్పపీడనం మాటేమిటి? పీడన అంటే బాధ కాబట్టి ఏదో కొద్దిపాటి బాధ అని మనం సరిపెట్టుకోవచ్చు. వాతావరణ శాఖ లెక్క వేరు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 62కి చేరితే తుపాను. పేరు పెట్టేది అప్పుడే. 2024 సెప్టెంబరులో వచ్చింది వాయుగుండం దగ్గరే ఆగింది, పేరుకు నోచుకోలేదు. ఆ పేరు లేని వానకే బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అన్నట్టు, బుడమేరు కూడా లెక్కకు వాగే.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. సింగ్‌నగర్‌లో ఉండే మా బాబాయికి ఐశ్వర్యమేమీ రాలేదు. టీవీలో అల్పపీడనం అన్నారంటే చాలు, అర్ధరాత్రి గొడుగేసుకుని డాబా ఎక్కుతున్నాడు.

ఇక వ్యాకరణం. అల్పానికి ముందు ‘సు’ చేరిస్తే యణాదేశ సంధి జరిగి స్వల్పం అవుతుంది, అంటే మరీ అల్పం. వచ్చే ఆదివారం ఇంకో సభ ఉంది. కార్డు మీద ఈసారి ‘స్వల్పాహారం’ అని వేశారు. శుక్రవారం నుంచే పస్తుందామనుకుంటున్నాను.